బండి వెనుక వంటిల్లు

మన పెద్దలు దూర ప్రయాణం తలపెట్టినప్పుడు ముందుగా ఆలోచించినది బండిని గురించి కాదు, తిండి మూటను గురించి. ఎడ్లబండి అయినా, రైలుబండి అయినా, ఆ మూటలో ఉండే వస్తువులు ఇంచుమించు అవే: పులిహోర, దద్ధోజనం, జంతికలు, అరిసెలు. ఇవి రుచి కోసం ఎన్నుకున్న పదార్థాలని మనం అనుకుంటాము. రుచి సంగతి నిజమే గాని, ఆ ఎన్నికలో మరొక విజ్ఞత కూడా ఉన్నది. పులిహోరలో చింతపండు పులుపు ఉన్నది; పులుపు అధికంగా ఉన్నచోట సూక్ష్మజీవులు సులభంగా పెరగలేవు. జంతికలో తేమ లేదు. అరిసెలో ఉన్న కొద్దిపాటి తేమను బెల్లం పట్టి ఉంచుతుంది. ఇక దద్ధోజనం మాట చూడండి. తెల్లవారుజామున అన్నంలో పెరుగు నిండుగా కలిపితే మధ్యాహ్నానికి పులిసిపోతుందని, మన ఇల్లాళ్ళు కాచిన పాలు పోసి, ఒక్క చెంచాడు పెరుగు తోడు వేసేవారు. దారిలో అది తోడుకొని, భోజనం వేళకు కమ్మని పెరుగన్నం అయ్యేది. అంటే కాలం చేసే మార్పును అడ్డగించకుండా, దానినే వంటవానిగా పెట్టుకున్నారన్నమాట. చల్లదనం దొరకని కాలంలో, చల్లదనం అవసరం లేని ఆహారాన్ని వెతుక్కున్నారు.

ఈనాటి ప్రయాణాల తీరు వేరు. పాలు, పెరుగు, కూరగాయలు, పండ్లు, వండిన కూరలు, కొందరికి మాంసం, చేపలు, అన్నీ వెంట రావాలి. అవి మూడు నాలుగు రోజులు చెడిపోకుండా ఉండాలి. ఆస్ట్రేలియా, అమెరికా వంటి దేశాలలో కారు వెనుక ఒక చక్రాల ఇంటిని తగిలించుకొని లాగుకొనిపోయే అలవాటు విరివిగా ఉన్నది. ఆస్ట్రేలియాలో దీని చిన్న రూపాన్ని కేంపర్ ట్రెయిలర్ అంటారు. దారిలో చూస్తే అది ఒక పెట్టెబండి. విడిది చేరి మూత తెరిస్తే గుడారం విప్పుకొంటుంది. పక్కనుంచి సొరుగు లాగితే గ్యాసు పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, సామాను అర బయటికి వస్తాయి. పడక గదీ, వంటిల్లూ రెండూ బండి వెనుకనే నడిచి వస్తాయి. మన తెలుగు కుటుంబాలు అక్కడ అనేకం స్థిరపడినవి గనుక, ఈ వంటింట్లో ఇప్పుడు పోపు వాసన కూడా వినిపిస్తున్నది.

పెర్త్ నగరంలో ఉన్న మా చెల్లెలి కుటుంబాన్ని చూడడానికి మా అమ్మగారిని వెంటబెట్టుకొని నేను వెళ్ళినప్పుడు, అటువంటి బండిలో కూల్‌గార్డీ అనే పాత బంగారు గనుల ఊరికి ప్రయాణమయ్యాము. పెర్త్‌కు తూర్పుగా సుమారు 550 కిలోమీటర్ల దూరం. డిసెంబరు నెలాఖరు, అక్కడ అది నడివేసవి. మేము నలుగురు పెద్దలం, ఇద్దరు పిల్లలు. బండిని అద్దెకు తెచ్చుకున్నాము. దానిలో రిఫ్రిజిరేటరు లేదు. దళసరి గోడలున్న ఒక ఐసు పెట్టె మాత్రం ఉన్నది. దారిలో రెండు సంచుల ఐసు, వెరసి 10 కిలోలు, కొన్నాము. ఇంట్లో బల్లమీద ఉన్న మంచినీళ్ళ సీసాలు పది అందులో సర్దాము. పొద్దున వండిన అన్నాన్ని పెద్ద గిన్నెలో, మూతపెట్టి, ఇంకా వేడి తగ్గకముందే పైన పెట్టాము. పాలు, పెరుగు, కూరలు మిగిలిన సందులలో ఇరికించాము. మా అమ్మగారు మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటారు. ఆ మందుకు అన్నిటికన్నా ఎక్కువ చల్లదనం కావాలనే ఉద్దేశంతో మా చెల్లెలు దానిని వేరే చిన్న థర్మాస్ డబ్బాలో, ఫ్రీజరులోనుంచి అప్పుడే తీసిన ఐసు పొట్లానికి ఆనించి పెట్టినది.

మరునాటి మధ్యాహ్నం సదరన్ క్రాస్ అనే ఊరు దాటి ఒక చెట్టు నీడను ఆగాము. అక్కడినుంచి కూల్‌గార్డీ దాకా సుమారు 180 కిలోమీటర్లు ఊరు అనదగినది లేదు. పెట్టె తెరిచి చూస్తే ఐసు పలుకైనా మిగలలేదు. సీసాలు నీళ్ళలో తేలుతున్నాయి. వంటింటి థర్మామీటరు ఆ నీళ్ళలో ముంచితే 17 డిగ్రీలు చూపినది. పిల్లలు ఆకలి అంటున్నారు. అన్నం చూడడానికి బాగానే ఉన్నది. వాసన కూడా లేదు. "ఇందులో మజ్జిగ పోసి కలిపి పెడతానే అమ్మాయీ, పారేస్తే పాపం" అన్నారు మా అమ్మగారు. మా చెల్లెలు గిన్నె పట్టుకొని, "వద్దమ్మా, ఇక్కడ పిల్లలకు వాంతులు పట్టుకుంటే వైద్యుడు ఎంత దూరమో చూడు" అన్నది. అన్నం పారబోశాము. ఆ తరువాత మందు డబ్బా తెరిస్తే, విప్పని ఇన్సులిన్ గడ్డకట్టి ఉన్నది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. అదృష్టవశాత్తూ వాడుకలో ఉన్న మరొకటి మా అమ్మగారి చేతిసంచిలో ఉన్నది గనుక గండం గడిచినది. ఒక పెట్టెలో చల్లదనం చాలలేదు, రెండవ దానిలో మితిమీరినది. రెండింటికీ కారణం ఒకటే: లెక్క చూసుకోకపోవడం. ఆ లెక్కను శ్రోతలతో పంచుకోవాలన్నదే ఈ ప్రసంగ ఉద్దేశం.

ముందుగా ఆహారం ఎందుకు చెడుతుందో చూద్దాము. ఆహారంలో సూక్ష్మజీవులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. 5 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన వాటి పెరుగుదల బాగా మందగిస్తుంది; 60 డిగ్రీలకు ఎగువన హాని చేసేవి వృద్ధి పొందలేవు. ఈ రెండింటి నడుమ ఉన్నదే ప్రమాద మండలం. త్వరగా చెడిపోయే స్వభావం గల ఆహారాన్ని గురించి ఆస్ట్రేలియాలో ఒక సులభమైన సూత్రం పాటిస్తారు. ప్రమాద మండలంలో గడిపిన కాలమంతా కలిపి 2 గంటలకు లోపైతే తినవచ్చు, లేదా మళ్ళీ చల్లబరచి దాచుకోవచ్చు. 2 గంటలకు పైబడి 4 గంటలకు లోపైతే వెంటనే తినివేయాలి, దాచరాదు. 4 గంటలు మించితే పారవేయాలి. ఇక్కడ "అంతా కలిపి" అన్నమాట ముఖ్యం. పొద్దున ఒక గంట, మధ్యాహ్నం రెండు గంటలు బల్లమీద ఉన్న పదార్థానికి మూడు గంటలు లెక్క కట్టవలసినదే. మధ్యలో చల్లబరచినంత మాత్రాన పాత గంటలు చెరిగిపోవు.

అన్నం విషయంలో మన తెలుగువారు మరీ జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటి ఉన్నది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బియ్యంలో బీజరూపంలో ఉంటుంది. ఆ బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి నిలిచినప్పుడు అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా నశించదు. రంగు మారదు, రుచి మారదు. కాబట్టి "వేడిచేసి తింటే పోతుంది" అన్న ధైర్యం ఇక్కడ చెల్లదు. ముక్కు ఇచ్చే సాక్ష్యం కన్నా గడియారం, థర్మామీటరు ఇచ్చే సాక్ష్యం నమ్మదగినది. పెద్ద గిన్నెడు వేడి అన్నాన్ని మూతపెట్టి ఐసు మీద ఉంచితే, అంచులు చల్లబడినా నడిమిభాగం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. అన్నాన్ని పళ్ళెంలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి, చిన్న డబ్బాలలో సర్ది, రిఫ్రిజిరేటరులో పూర్తిగా చల్లబడిన తరువాతనే ఐసు పెట్టెలోనికి మార్చాలి. ప్రయాణంలో ఇంతకన్నా మంచి ఉపాయం, ఏ పూటకు ఆ పూట అన్నం వండుకోవడం. బియ్యానికి ఐసు అక్కరలేదు కదా.

ఇక ఐసు లెక్క. ఒక కిలో ఐసు కరిగి నీరు కావడానికి సుమారు 80 కిలో కేలరీల వేడిని పీల్చుకుంటుంది. ఇదే మన పెట్టుబడి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక కిలో కేలరీ ఖర్చు. మేము పెట్టిన పది లీటరు సీసాలు 30 డిగ్రీల మీద ఉన్నాయనుకుందాము. వాటిని 5 డిగ్రీలకు దించడానికి 250 కిలో కేలరీలు, అంటే మూడు కిలోలకు పైగా ఐసు కరిగిపోతుంది. మూడు కిలోల వేడి అన్నం చల్లబడడానికి మరొక కిలోన్నర. ఈ విధంగా 10 కిలోలలో ఇంచుమించు సగం, ఆహారాన్ని చల్లగా ఉంచడానికి కాక, వేడిగా ఉన్న సామానును చల్లబరచడానికే వ్యయమైనది. మిగిలిన సగం, ఎండలో నిలిచిన బండిలో, పిల్లలు గడియకొకసారి మూత తీసే పెట్టెలో, ఒక పగలూ రాత్రీ గడిచేసరికి హరించిపోయినది. ఇందులో ఐసు దోషం లేదు.

ఈ లెక్క తప్పడం వల్ల నష్టపోయినవారిలో మహామహులు ఉన్నారు. ఆస్ట్రేలియాలో జీలాంగ్ పట్టణానికి చెందిన జేమ్స్ హారిసన్ అనే పత్రికా సంపాదకుడు 1850 దశకంలోనే యంత్రంతో ఐసు తయారుచేసిన మార్గదర్శకుడు. 1873లో ఆయన నార్‌ఫోక్ అనే ఓడలో మాంసాన్ని చల్లగా ఇంగ్లండుకు పంపదలచాడు. ఓడలో యంత్రాన్ని అమర్చక, ముందుగా నింపిన ఐసు మీదనే ఆధారపడ్డాడు. ఐసు అనుకున్నదానికన్నా వేగంగా తరిగిపోయినది, మాంసం చెడినది, ఆయన ఆర్థికంగా చితికిపోయాడు. దీనికి నలభై సంవత్సరాల ముందే, 1833లో, బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన ఓడ సరస్సులలో కోసిన ఐసు 180 టన్నులు నింపుకొని, నాలుగు నెలలు సముద్రం మీద నడిచి, కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలి ఉన్నది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటిన సరుకు అది! అతనికి తోడ్పడినది రంపపు పొట్టు. ఐసు దిమ్మల నడుమ గాలి చొరకుండా పొట్టు దట్టించాడు. ఆ ఐసును దాచడానికి తరువాతి దశాబ్దంలో మద్రాసు సముద్రతీరాన కట్టిన గుండ్రని భవనమే ఐస్ హౌస్. 1897లో వివేకానందస్వామి విడిది చేసినందున ఇప్పుడు అది వివేకానందర్ ఇల్లం అనే పేరుతో నిలిచి ఉన్నది. మద్రాసులో నివసించిన తెలుగువారికి ఆ పేట పేరు చిరపరిచితమే.

ట్యూడర్ చేసిన పనినే మనం చిన్న ఎత్తున చేయాలి. పెట్టెను బయలుదేరే ముందు రాత్రియే కొంత ఐసు వేసి చల్లబరచాలి. దాని గోడలలోని వేడి కూడా ఐసును తినేదే. సీసాలను, డబ్బాలను ఇంట్లోనే చల్లబరచి పెట్టాలి. కొన్ని సీసాలలో, వ్యాకోచానికి చోటు వదిలి, నీళ్ళను గడ్డకట్టించి పెడితే అవే ఐసు గడ్డలు. కరిగిన తరువాత అవే మంచినీళ్ళు. పలుకుల ఐసుకన్నా పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, బరువును బట్టి చూస్తే గాలికి తగిలే ఉపరితలం దానికి తక్కువ గనుక. పెట్టెలో ఖాళీలు ఉంచరాదు. పచ్చి మాంసం, చేపలు ఉంటే నీరు చొరని డబ్బాలలో అన్నిటికన్నా అడుగున పెట్టాలి. వాటి రసం తినే పదార్థాల మీద కారకూడదు. కరిగిన నీరు చల్లగా ఉన్నంతవరకు దానిని పారబోయనక్కరలేదు; అదీ ఐసుకు తోడుగానే ఉంటుంది. అయితే ఆహారపు డబ్బాలు ఆ నీటిలో మునగకుండా చూసుకోవాలి. పెట్టెను నీడలో ఉంచి, మీద తడి గోనె లేదా దుప్పటి కప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, పెట్టెలు రెండు ఉండాలి. ఒకటి తాగే వాటికి. దానిని పిల్లలు ఎన్నిసార్లయినా తీయవచ్చు. రెండవది ఆహారానికి, దాని మూత పూటకు ఒక్కసారి మాత్రమే తీయాలి.

మేము వెళ్ళిన కూల్‌గార్డీ ఊరి పేరు మీద ఒక చలువ అర ఉన్నది. 1892లో అక్కడ బంగారం బయటపడగానే వేలమంది ఎడారిలో గుడారాలు వేశారు. ఐసు లేదు, నీరే అపురూపం. ఆర్థర్ మెకార్మిక్ అనే ఆయన 1890 దశకంలో ఒక సాధనం కల్పించాడంటారు. కర్ర చట్రానికి నాలుగువైపులా గోనెపట్టా చుట్టి, పైన నీళ్ళ పళ్ళెం పెట్టి, అందులోనుంచి గుడ్డ పీలికలు గోనె మీదికి వేలాడదీశారు. పీలికల వెంట నీరు మెల్లగా దిగి గోనెను తడుపుతుంది; గాలి వీచినప్పుడు ఆ తడి ఆవిరై లోపలి వేడిని లాగివేస్తుంది. ఇది చదివినప్పుడు మనకు కొత్తగా తోచదు. వేసవిలో కుండలో నీరు చల్లబడడం, పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టి తడిగుడ్డ కప్పడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. సూత్రం ఒకటే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీలు పీల్చుకుంటుంది. అంటే కిలో ఐసు కరిగేటప్పుడు పీల్చేదానికి ఏడు రెట్లు.

మరి ఐసు ఎందుకు, తడి గోనె చాలదా అన్న ప్రశ్న రావచ్చు. ఆవిరి కావడం గాలిలోని తేమను బట్టి ఉంటుంది. గాలి 40 డిగ్రీల వేడితో, నూటికి 20 పాళ్ళ తేమతో పొడిగా ఉన్నప్పుడు, తడి గుడ్డ చల్లదనం 22 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అదే మన కోస్తాలో వలె 35 డిగ్రీలు, నూటికి 70 పాళ్ళ తేమ ఉంటే 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అనంతపురంలో కుండనీరు చల్లబడినంతగా మచిలీపట్నంలో చల్లబడకపోవడానికి కారణం ఇదే. ఏ విధంగా చూసినా 5 డిగ్రీలు అందవు. కాబట్టి కూరగాయలు వాడిపోకుండా ఉంచడానికి, నీరు చల్లబరచడానికి తడి గోనె మేలైనది. పాలు, మాంసం, వండిన అన్నం రోజుల తరబడి దాచడానికి అది చాలదు.

ట్రెయిలరులో రిఫ్రిజిరేటరు ఉంటే ఈ చింత తీరుతుందా? కొంతవరకే. ప్రయాణాలలో వాడే రిఫ్రిజిరేటర్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది గ్యాసు మంటతో నడిచేది. మంటతో చల్లదనం పుట్టడం వింతగా తోచవచ్చు. 1922లో స్వీడన్ దేశపు విద్యార్థులు బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అనే ఇద్దరు దీనిని రూపొందించారు. నీటిలో కరిగిన అమ్మోనియాను మంట వేడి విడదీస్తుంది. అది ద్రవమై, మళ్ళీ ఆవిరి అవుతూ అరలోని వేడిని పీల్చి, తిరిగి నీటిలో కలుస్తుంది. కదిలే యంత్రభాగం లేదు, చప్పుడు లేదు. కాని ద్రవం తన బరువు చేతనే గొట్టాలలో పారవలసి ఉన్నది గనుక, విడిదిలో బండి సమతలంగా నిలవకపోతే పని కుంటుపడుతుంది. వెనుక గాలి ఆడకపోయినా, ఎండ మిక్కుటమైనా బలం తగ్గుతుంది. పూర్తిగా చల్లబడడానికి గంటలు పడుతుంది గనుక ముందురోజే వెలిగించాలి. పెట్రోలు బంకులోనికి వెళ్ళే ముందు మంట ఆర్పడం తప్పనిసరి. ఇదే రిఫ్రిజిరేటరును బ్యాటరీ మీద కూడా నడపవచ్చును గాని, అది 12 ఆంపియర్ల దాకా విద్యుత్తు పీల్చగలదు. నూరు ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో, దానికి హాని లేకుండా వాడదగినది సగమే. అంటే బండి ఆపిన నాలుగు గంటలలో సరి.

రెండవ రకం కంప్రెసర్ రిఫ్రిజిరేటరు. మన ఇళ్ళలో ఉండేదాని తమ్ముడు. ఇది నడిచేటప్పుడు 4 ఆంపియర్లు తీసుకుంటుందనీ, రోజులో మూడవవంతు కాలం నడుస్తుందనీ అనుకుంటే, దినానికి 32 ఆంపియర్ గంటలు. పైన చెప్పిన బ్యాటరీ ఒకటిన్నర రోజు ఓర్చుకుంటుంది. నూరు వాట్ల సౌరఫలకం ఒకటి ఉండి, మంచి ఎండ అయిదు గంటలు కాస్తే, నష్టాలు పోగా 29 ఆంపియర్ గంటల దాకా తిరిగి చేరుతుంది. చేదిన నీటికి ఊరే నీరు ఇంచుమించు సరిపోయిన బావి వంటిది ఈ ఏర్పాటు. అయితే వెచ్చని సామాను లోపల పెట్టినా, మూత మాటిమాటికీ తీసినా, మూడవవంతు కాలం నడిచేది సగం కాలం నడుస్తుంది, లెక్క తారుమారవుతుంది. యంత్రం వచ్చినా పాత క్రమశిక్షణ వదలడానికి లేదు.

మందుల మాట వేరుగా చెప్పాలి. విప్పని ఇన్సులిన్‌ను 2 మొదలు 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఎన్నడూ గడ్డకట్టనీయరాదు. ఫ్రీజరులోనుంచి అప్పుడే తీసిన ఐసు పొట్లం సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉంటుంది. దానికి ఆనించడమే మేము చేసిన పొరపాటు. మందుకూ ఐసుకూ నడుమ తువ్వాలు మడత ఉండాలి. పక్కన చిన్న థర్మామీటరు ఉండాలి. వాడుకలో ఉన్న ఇన్సులిన్ చాలా రకాలలో 30 డిగ్రీలు మించని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. ఖచ్చితమైన గడువు ఆ మందు కాగితం మీదనే చూసుకోవాలి. ఎండలో నిలిపిన కారులో మాత్రం దానిని వదలరాదు. మరొక హెచ్చరిక. కొందరు మామూలు ఐసుకు బదులు పొడి ఐసు వాడతారు. అది గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. సున్నాకు 78 డిగ్రీల దిగువన ఉంటుంది. కరిగి నీరు కాదు, వాయువై గాలిలో కలుస్తుంది. మూసిన బండిలో, మనుషులు నిద్రించే చోట, అది ప్రాణాపాయం. చంటిపిల్లలున్న కుటుంబాలు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఆస్ట్రేలియాలో దూరప్రయాణం చేసేవారికి తెలియవలసిన సంగతి మరొకటి. రాష్ట్రాల సరిహద్దులలో పంట తెగుళ్ళు వ్యాపించకుండా తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. తూర్పునుంచి పశ్చిమ ఆస్ట్రేలియాలోనికి వచ్చేవారి దగ్గర తాజా పండ్లు, కూరగాయలు, తేనె ఉంటే సరిహద్దులో అప్పగించవలసిందే. ఎదురు దిశలో వెళ్ళేవారికి సెడూనా అనే ఊరి దగ్గర అటువంటి తనిఖీయే ఉన్నది. ఎంతో శ్రమపడి చల్లగా దాచిన టమాటాలను చెత్తతొట్టికి సమర్పించడం ఎవరికైనా కష్టమే. సరిహద్దు చేరేసరికి కూరలు పూర్తి అయ్యేటట్లు వంటలు నిర్ణయించుకోవడం గృహిణి నేర్పు.

కూల్‌గార్డీలో రెండు రాత్రులు గడిపి తిరుగు ప్రయాణం కట్టినప్పుడు మేము పాఠం నేర్చినవారమై ఉన్నాము. విడిదిలోని రిఫ్రిజిరేటరులో సీసాలు రాత్రంతా చల్లబరచాము. నాలుగు సీసాలు గడ్డకట్టించాము. ఐసు గడ్డ రూపంలో కొన్నాము. రెండవ పెట్టె ఒకటి కొన్నాము. పొద్దున మా అమ్మగారు కాచిన పాలు చల్లార్చి, తోడువేసి, చిన్న గిన్నెలో పెట్టుకొని ఒడిలోనే ఉంచుకున్నారు. దారి పొడవునా మాకు తోడుగా ఒక పెద్ద ఇనుపగొట్టం నడిచి వచ్చినది. 1903లో పెర్త్ దగ్గరి కొండలనుంచి 530 కిలోమీటర్లు నీటిని మోసుకొచ్చి ఈ గనుల ఊళ్ళ దాహం తీర్చిన గొట్టం అది. ఆ గొట్టం పక్కనే, చెట్టు నీడను, ఒక పొయ్యి మీద వేడి అన్నం వండుకొని, అప్పుడే తోడుకున్న పెరుగుతో పిల్లలకు కలిపి పెట్టారు మా అమ్మగారు. ఆహారపు పెట్టె ఆనాడు రెండేసార్లు తెరిచాము. పెర్త్ చేరి చూస్తే, థర్మామీటరు 4 డిగ్రీలు చూపుతున్నది. గడ్డలో సగం ఇంకా మిగిలి ఉన్నది.

ఈ లెక్క పరదేశపు ఎడారికే పరిమితం కాదు. తిరుపతికో శ్రీశైలానికో కారులో బయలుదేరేటప్పుడు, పెళ్ళివారి బస్సులో పాలు, పెరుగు తీసుకొనిపోయేటప్పుడు, వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి రిఫ్రిజిరేటరు ఆగినప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంటే రిఫ్రిజిరేటరు సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. పదేపదే తీసి చూస్తే అందులో సగం కూడా నిలవదు. చల్లదనాన్ని మనం తయారుచేయడం లేదు. ముందుగా కూడబెట్టినదానిని ఖర్చు చేస్తున్నాము. వెళ్ళే ముందు ఎంత కూడబెట్టామో, దారిలో ఎక్కడెక్కడ ఖర్చవుతున్నదో చూసుకోవాలి. అన్నీ చూసుకున్నా ఒక పదార్థం మీద అనుమానం కలిగితే దానిని పిల్లల ముందు పెట్టవద్దు. అన్నం పారవేయడం పాపమే. కాని ఆ పాపం చేయవలసిన అవసరం రాకుండా, వండడానికి ముందే లెక్క చూసుకోవడం మన చేతిలోనే ఉన్నది.